ఆట కుదరని రోజు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి: నిలకడ. పిల్లల్లో ప్రతిభ ఉందని అందరూ ఒప్పుకుంటున్నారు. ఈ వారం కళ్లు జిగేలుమనిపించిన ఆట వచ్చే వారానికి ఎక్కడికి పోతుందో ఎవరికీ అంతుపట్టడం లేదు. 24 ఏళ్లుగా పిల్లలకు, కుర్రాళ్లకు ఫుట్‌బాల్ నేర్పుతున్న నాకు కూడా ఎక్కువ రాత్రులు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. మిగతావారు కూడా అది చదివాక తమ జవాబు చూసుకోవాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. వింగర్‌గా, అంటే మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడిగా ఆడతాడు. ఒక మ్యాచ్‌లో ముగ్గురిని దాటుకుని వెళ్లి గోల్ కొడతాడు. తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో అసలు మైదానంలో ఉన్నాడా అనిపిస్తుంది. "ప్రతిభకు లోటు లేదు, నిలకడే లేదు" అని కోచ్ మూడేళ్లుగా చెబుతున్నారు. ఆ నిలకడ రావాలంటే ఇంట్లో మేం ఏం చేయాలి? (ఒక తండ్రి)

జవాబు: అయ్యా, ముందుగా ఆ "నిలకడ లేదు" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి. మాట తప్పని కాదు, 15 ఏళ్ల పిల్లవాడికి దానితో చేయడానికి పనేమీ దొరకదు. "బంతి అందాక తల ఎత్తడానికి ఆలస్యం చేస్తున్నావు" అంటే రేపు సాయంత్రం దాని మీద సాధన చేస్తాడు. "నిలకడ లేదు" అంటే తన పుట్టుకలోనే ఏదో లోపం ఉందనుకుని కుంగిపోతాడు.

మనం ఆటగాణ్ని అతని గొప్ప రోజుతో కొలుస్తాం. మూడు గోల్స్ కొట్టిన రోజే అతని అసలు రూపం అనుకుంటాం, మిగతా రోజుల్లో అది ఏమైందని వెతుకుతాం. గొప్ప రోజు ఎవరి చేతిలోనూ ఉండదండీ. శరీరం తేలిగ్గా ఉండాలి, ఎదుటి డిఫెండర్ కాస్త నెమ్మదిగా ఉండాలి, మొదటి రెండు బంతులు కుదరాలి. ఇవన్నీ కలిసి రావడం ఎప్పుడో ఒకసారి. ఆట కుదరని రోజు మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ రోజున పిల్లవాడు జట్టుకు ఎంత పనికొస్తాడు అన్నదాన్ని మాత్రం సాధనతో కొంచెం కొంచెంగా పెంచవచ్చు. నా దగ్గర ఆడి పై స్థాయికి వెళ్లినవాళ్లందరిలో నేను చూసింది ఇదొక్కటే. వాళ్ల చెడ్డ మ్యాచ్‌లో కూడా కోచ్ వాళ్లను బయటికి పిలవాలనుకోడు.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. మీ అబ్బాయిలాగే వింగర్, వయసూ అంతే. మంచి రోజున అతణ్ని ఆపడం ఎవరివల్లా అయ్యేది కాదు. చెడ్డ రోజున టచ్‌లైన్ (మైదానం పొడవునా ఉండే అంచు గీత) పక్కన నిలబడి, రెండు చేతులూ కొద్దిగా చాచి, బంతి తన కాళ్ల దగ్గరికి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడు. ఒక ఆదివారం నేను మ్యాచ్ సంగతి వదిలేసి అతణ్ని ఒక్కణ్నే చూశాను. బంతి అందే ముందు ఒక్కసారైనా తల తిప్పి వెనక ఎవరున్నారో చూశాడా లేదా అని నోటుపుస్తకంలో గీతలు పెట్టాను. బంతి 19 సార్లు అందింది. తల తిప్పింది 4 సార్లు. ఆ నాలుగుసార్లూ బంతి ముందుకే వెళ్లింది. మిగతావాటిలో చాలాసార్లు, డిఫెండర్ వీపుకు తగిలేదాకా అక్కడ ఒక మనిషి ఉన్నాడని అతనికి తెలియనే లేదు.

మ్యాచ్ అయ్యాక పుస్తకం అతని చేతికిచ్చాను. ఏమీ అనలేదు. బూట్ల లేసులు విప్పుతూ ఆ గీతలు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. "సార్, మొన్న మూడు గోల్స్ కొట్టిన రోజు ఎన్ని ఉండేవి?" అని అడిగాడు. ఆ రోజు నేను లెక్కపెట్టలేదు. అయితే ఆ మ్యాచ్ వీడియో ఒక తండ్రి ఫోనులో ఉంది. ఇద్దరం కూర్చుని చూశాం. ఆ రోజు సగానికి పైగా సార్లు తల తిప్పాడు, తనకు తెలియకుండానే. చూస్తున్నంతసేపూ ఆ పిల్లవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తన గొప్ప రోజు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి మొదటిసారి తెలిసింది.

అప్పటి నుంచి అతనికి మూడు పనులు అప్పగించాను. బంతి రాకముందే రెండు భుజాల మీదుగా వెనక్కి చూడాలి. బంతి పోగొట్టుకుంటే చేతులు విసరకుండా ఐదు సెకన్లు దాని వెంట పడాలి. పాస్ ఇచ్చాక నిలబడిపోకుండా కొత్త చోటికి కదలాలి. ఈ మూడింటికీ ఫామ్‌తో పని లేదు. కాళ్లు బరువుగా ఉన్న రోజు కూడా చేయవచ్చు, మనసు బాగోలేని రోజు కూడా చేయవచ్చు. నాలుగు నెలలు పట్టింది. అతని గొప్ప మ్యాచ్‌లు పెద్దగా పెరగలేదు. కనిపించకుండా పోయే మ్యాచ్‌లు మాత్రం దాదాపు ఆగిపోయాయి.

తల తిప్పడం చిన్న విషయంగా తోస్తే, నార్వే పరిశోధకుడు గేయర్ యోర్డెట్ చేసిన పని గురించి తెలుసుకోండి. ఇంగ్లండ్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో, మైదానం మధ్య భాగంలో ఆడే మిడ్‌ఫీల్డర్ల వీడియోలను ఆయన దగ్గరగా పరిశీలించారు. బంతి అందే ముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవారి పాస్‌లే ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నాయని తేల్చారు. బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ చావి పాత మ్యాచ్‌లు మీ అబ్బాయికి చూపించండి. ఎత్తు 170 సెంటీమీటర్లు, పరుగులో వేగం లేదు, భుజబలం లేదు. బంతిని కాదు, బంతి లేనప్పుడు అతని తలను చూడమనండి.

ఇక మీ వంతు. గత రెండు నెలల క్యాలెండర్ ఒకటి తీసుకోండి. ప్రతి మ్యాచ్, ప్రతి ప్రాక్టీసు, స్కూల్లో వ్యాయామ పీరియడు, స్నేహితులతో ఆడిన ఆట, పరీక్షలు, ప్రయాణాలు అన్నీ అందులో రాయండి. బాగా ఆడని మ్యాచ్‌ల చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి. ఇలా చేయించిన చాలా ఇళ్లలో ఆ ఎర్ర గీతలు వారానికి మూడు మ్యాచ్‌లు ఆడిన చోటనో, పరీక్షల వారంలోనో గుంపుగా కనిపించాయి. బాగా ఆడే పిల్లవాణ్ని అందరూ అడుగుతారు. స్కూలు జట్టుకు కావాలి, క్లబ్బుకు కావాలి, పై వయసు జట్టుకు కావాలి. ఎవరికి వారు తమ మ్యాచ్ ఒక్కటే లెక్కపెట్టుకుంటారు. మొత్తం లెక్క చూసేవాళ్లు ఇంట్లో తప్ప ఎక్కడా ఉండరు. అలసటను మనం బయటి నుంచి చూసి బద్ధకం అంటాం, మనసు పెట్టడం లేదంటాం.

పెద్ద క్లబ్బుల్లోనూ ఇది జరుగుతుంది. స్పెయిన్ ఆటగాడు పెద్రి 18 ఏళ్ల వయసులో 2020–21 సీజనంతా బార్సిలోనాకు ఆడాడు. ఆ వేసవిలోనే యూరప్ దేశాల మధ్య జరిగే యూరో టోర్నీ, దాని వెంటనే టోక్యో ఒలింపిక్స్. అంతా కలిపి 70కి పైగా మ్యాచ్‌లు. తర్వాతి సీజన్‌లో తొడ కండరాల గాయాలతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు ఉన్నవాడి పరిస్థితే అది. మీ అబ్బాయికి ఉన్నది మీరే.

నిద్ర సంగతి కూడా ఆ క్యాలెండర్‌లోనే రాయండి. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. రాత్రి ఫోను ఎక్కడ ఉంటుందో చూడండి. దిండు పక్కన ఉంటే ఆ లెక్క కుదరదు.

చివరిగా, మ్యాచ్ నుంచి ఇంటికి వచ్చే దారి. మీరు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని గోల్స్ కొట్టావు?" అయితే, వచ్చే వారం పిల్లవాడు గోల్ కోసమే ఆడతాడు. అది దొరకని రోజున తనంతట తానే మాయమైపోతాడు. దారిలో ఏమీ అడగకండి. ఆకలేస్తోందా అని అడగండి, చాలు. మాట్లాడాలనుంటే వాడే మొదలుపెడతాడు. మర్నాడు, రక్తం చల్లబడ్డాక, ఆ మూడు పనుల్లో ఏది బాగా కుదిరిందో అడగండి.

ప్రశ్న: 13 ఏళ్లప్పుడు మా జట్టులో అందరికంటే వేగంగా, బలంగా ఉండేవాణ్ని. నేనే కెప్టెన్‌ని, నేనే ఎక్కువ గోల్స్ కొట్టేవాణ్ని. ఇప్పుడు నాకు 16. అప్పట్లో నన్ను చూసి భయపడినవాళ్లే ఇప్పుడు నన్ను దాటిపోతున్నారు. ఐదు మ్యాచ్‌లుగా బెంచి మీద ఉన్నాను. నా ప్రతిభ అయిపోయిందా? (ఒక స్ట్రైకర్)

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ ప్రతిభ అయిపోలేదు. నీకు మీసం ముందు వచ్చింది, వాళ్లకు ఇప్పుడు వస్తోంది. జరిగింది ఇంతే.

మగపిల్లల్లో ఎత్తు అమాంతం పెరిగే దశ సగటున 13, 14 ఏళ్ల మధ్య వస్తుంది. కొందరికి అది రెండేళ్లు ముందే వస్తుంది, కొందరికి రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. అంటే ఒకే తరగతిలో చదివే ఇద్దరి శరీరాల మధ్య మూడు నాలుగేళ్ల తేడా ఉండవచ్చు. దీనికి తోడు పుట్టిన నెల. అంతర్జాతీయ పోటీల్లో వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు. ఇంగ్లండ్ అకాడమీల్లో సెప్టెంబర్ 1 నుంచి. ఆ తేదీ దాటిన మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే అకాడమీల్లో ఎక్కువగా ఎంపికవుతారని ఎన్నో దేశాల్లో తేలింది. దాదాపు ఏడాది పెద్దవాణ్ని చిన్నవాడి పక్కన నిలబెట్టి, పెద్దవాడికి ప్రతిభ ఎక్కువ అని రాసుకుంటారు.

ఆ తప్పు నీది కాదు. కానీ దానివల్ల నీకొక నష్టం జరిగింది, అది నువ్వు తెలుసుకోవాలి. 13 ఏళ్లప్పుడు నీకు కష్టమైన పని ఏదీ తగల్లేదు. బంతిని ముందుకు తన్ని దాని వెంట పరుగెత్తితే చాలు, గోల్. బలహీనమైన కాలితో ఆడాల్సిన అవసరం రాలేదు. వీపు మీద డిఫెండర్ ఉండగా బంతిని అందుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ సమయంలో పొట్టిపిల్లలు నీ నుంచి తప్పించుకోవడానికి ఇవన్నీ నేర్చుకున్నారు. ఇప్పుడు వాళ్లకు ఎత్తు కూడా వచ్చింది.

ఫ్రెడ్డీ అడూ అనే అమెరికన్ ఆటగాడు 2004లో, 14 ఏళ్లకే, అక్కడి మేజర్ లీగ్ సాకర్‌లో అడుగుపెట్టాడు. ఆ వయసులో అతణ్ని పెలేతో పోల్చారు. తర్వాత ఎన్నో దేశాలు, ఎన్నో క్లబ్బులు మారాడు. అందరూ చెప్పిన స్థాయి మాత్రం రాలేదు. అతని కథ తలుచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు ఆ పిల్లవాడికి నేర్చుకునే సమయం ఇవ్వలేదని నా అభిప్రాయం. నీకు ఆ సమయం ఇప్పుడు దొరికింది. బెంచి మీద దొరికినా సరే.

రోజూ 15 నిమిషాలు గోడ ముందు నిలబడు. బలహీనమైన కాలితో మాత్రమే తన్ను, అదే కాలితో ఆపు. మొదటి వారం విసుగొస్తుంది, మానకు. బెంచి మీద కూర్చున్నప్పుడు బంతి వెంట చూపు పోనివ్వకు, నీ స్థానంలో ఆడుతున్నవాణ్ని చూడు. బంతి రాకముందు ఎక్కడ నిలబడుతున్నాడు, డిఫెండర్ ఎటు ఒరిగాక కదులుతున్నాడు. తర్వాత కోచ్ దగ్గరికి వెళ్లు. "నన్నెందుకు ఆడించడం లేదు?" అని అడగకు. "నేను మెరుగుపరచుకోవాల్సింది ఒక్కటి చెప్పండి, ఆరు వారాల తర్వాత చూడండి" అని అడుగు. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాణ్ని మరిచిపోయే కోచ్ ఉండడు.

2013లో ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ బెంచి మీద ఇద్దరు స్ట్రైకర్లు కూర్చుని ఉండేవారు. ఒకడు జేమీ వార్డీ, 16 ఏళ్లకే ఒక క్లబ్బు వదిలేస్తే ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న లీగుల్లో ఆడినవాడు. 2016లో అదే లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. రెండోవాడు వేరే క్లబ్బు నుంచి అక్కడికి లోన్ మీద, అంటే కొంతకాలానికి మాత్రమే వచ్చిన హ్యారీ కేన్. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు అత్యధిక గోల్స్ చేసిన రికార్డు 2023 నుంచి అతనిదే.

ప్రశ్న: మా అమ్మాయికి 12 దాటాయి. జట్టులో అందరికంటే చురుకైన మిడ్‌ఫీల్డర్. మూడు నెలలుగా బంతి కాలికి అతకడం లేదు, తనే తడబడి పడిపోతోంది. మోకాలి చిప్ప కింద నొప్పి అంటోంది. కోచ్ "ఆసక్తి తగ్గింది" అంటున్నారు. (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ఆసక్తి తగ్గిన పిల్ల నొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోతుంది. మీ అమ్మాయి నొప్పితో ఆడుతోంది.

ముందు డాక్టరుకు చూపించండి. పెరిగే వయసులో ఎముక ముందు సాగుతుంది, కండరాలు వెనకబడతాయి. తొడ ముందు కండరం మోకాలి చిప్ప కింద ఎముకకు అతుక్కున్న చోటును ప్రతి పరుగులో, ప్రతి షాట్‌లో లాగుతుంది. అక్కడ నొప్పి, చిన్న బొడిపె వస్తాయి. ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు దీన్ని. అదే మడమ దగ్గర వస్తే సెవర్స్ అంటారు. రెండూ పెరుగుదల ఆగేసరికి సాధారణంగా తగ్గిపోతాయి. ఆట పూర్తిగా మాన్పించాల్సిన అవసరం చాలామందికి రాదు. దూకడం, గట్టి షాట్లు, వేగంగా పరుగెత్తి ఒక్కసారిగా ఆగడం వంటివి కొన్నాళ్లు తగ్గిస్తే చాలు.

తడబాటు కూడా ఇందులో భాగమే. కాళ్లు కొన్ని నెలల్లో పొడవయ్యాయి, మెదడు ఇంకా పాత కొలతలతోనే ఆడుతోంది. ఆడపిల్లల్లో ఈ దశ సగటున 12 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. ప్రతి నెలా ఒకే తేదీన తలుపు పక్కన నిలబెట్టి పెన్సిలుతో ఎత్తు గుర్తు పెట్టండి. నెలకు అర సెంటీమీటరు దాటి పెరుగుతూ ఉంటే ఆ గుర్తులు ఫోటో తీసి కోచ్‌కు చూపించండి. నేను వేల మాటలతో చెప్పలేనిది ఆ పెన్సిలు గీతలు చెబుతాయి.

ఇంకొక ముఖ్యమైన విషయం. టీనేజీ అమ్మాయిల్లో మోకాలి లోపలి లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిల కంటే ఎక్కువ. ఫిఫా తయారుచేసిన "11+" అనే వార్మప్ ఉంది. 15 వ్యాయామాలు, దాదాపు 20 నిమిషాలు పడుతుంది, బంతి తప్ప ఏ పరికరాలూ అక్కర్లేదు. నార్వేలో టీనేజీ అమ్మాయిల మీద జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. ఈ వార్మప్ చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు బాగా తగ్గాయి. జట్టు మొత్తం చేయాలని అడగండి. కుదరదంటే మీ అమ్మాయి ఒక్కతే ముందు వచ్చి చేసుకోవాలి. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి ఒరగకుండా మీరే ఎదురుగా నిలబడి చూడండి.

నెలసరి మొదలైన అమ్మాయికి అది వరుసగా మూడు నెలలు ఆగిపోతే, ఆటలో మామూలేనని ఎవరు చెప్పినా వినకండి. తిండి చాలకపోవడం వల్ల శరీరం చేసే హెచ్చరిక కావచ్చు. డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: నాకు 14 ఏళ్లు. క్లబ్బు ఎంపిక పరీక్షల్లో, అంటే ట్రయల్స్‌లో మూడోసారి కూడా "చిన్నగా ఉన్నావు" అని పంపించేశారు. ఇక ప్రయత్నించాలా? (ఒక మిడ్‌ఫీల్డర్)

జవాబు: ప్రయత్నించాలి. క్రొయేషియా ఆటగాడు లూకా మోద్రిచ్‌ను చిన్నప్పుడు అక్కడి హైడుక్ స్ప్లిట్ క్లబ్బు పీలగా ఉన్నాడని వద్దంది. 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్నాడు. ఆంత్వాన్ గ్రీజ్‌మన్‌ను ఎత్తు సరిపోదని ఫ్రాన్స్ క్లబ్బులు తిప్పి పంపితే, స్పెయిన్‌లోని రియల్ సొసైదాద్ తీసుకుంది. ఆ ఏడాదే, 2018లో, ఫ్రాన్స్‌తో ప్రపంచ కప్ గెలిచాడు. అయితే నాయనా, ఈ పేర్లు చెప్పి నిన్ను మభ్యపెట్టను. వద్దన్నవాళ్లందరూ మోద్రిచ్‌లు కారు. ఈలోపు నువ్వు రోజూ ఆడే జట్టు ఒకటి ఉండాలి, అది ఎంత చిన్నదైనా సరే. ఏడాదంతా ట్రయల్స్ కోసం ఎదురుచూసి ఆట మానేసినవాళ్లే ఎక్కువగా వెనకబడతారు.

ప్రశ్న: 17 ఏళ్ల గోల్‌కీపర్‌ని. ప్రాక్టీసులో ఎవరూ నన్ను దాటి గోల్ కొట్టలేరు. మ్యాచ్ ముందు రాత్రి నిద్ర ఉండదు. ఒక్క పొరపాటు జరిగితే మిగతా సమయమంతా చేతులు నావి కానట్టు ఉంటాయి. ఎవరికీ చెప్పలేదు.

జవాబు: నాకు చెప్పావు. మొదటి అడుగు పడింది.

మ్యాచ్ ముందు గుండె వేగంగా కొట్టుకోవడం అందరికీ ఉంటుంది. అది శరీరం సిద్ధమవుతోందన్న గుర్తు. దాన్ని పోగొట్టాలని చూడకు. పొరపాటు తర్వాతి నిమిషం గురించి మాత్రం మనం పని చేయాలి. నా దగ్గర ఒక కీపర్ అమ్మాయి ఉండేది. గోల్ పడగానే వెళ్లి వల లోంచి బంతి తనే తీసేది. మధ్యకు విసిరేశాక కుడి చేతి గ్లవ్ పట్టీని చర్రుమని విప్పి, నెమ్మదిగా మళ్లీ బిగించుకునేది. బిగిస్తున్నంతసేపూ ఊపిరి బయటికి వదిలేది. పట్టీ అతుక్కోగానే తన ముందున్న సొంత జట్టు డిఫెండర్‌ను పేరు పెట్టి పిలిచి ఏదో ఒక సూచన గట్టిగా చెప్పేది. ప్రతి గోల్ తర్వాత అదే వరుస. ప్రాక్టీసులో కూడా మానేది కాదు, అందుకే మ్యాచ్‌లో అది దానంతటదే వచ్చేది. నీకు నచ్చిన వరుస నువ్వు తయారుచేసుకో. చివరి మెట్టు మాత్రం నోరు విప్పి మాట్లాడటమే కావాలి. పొరపాటు తర్వాత మౌనంగా ఉండే కీపర్ ఆ పొరపాటులోనే ఉండిపోతాడు.

నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగితే, తిన్నది కడుపులో నిలవకపోతే, ఇంట్లో చెప్పి మానసిక వైద్య నిపుణులను కలవాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. స్పెయిన్ ఆటగాడు బోయన్ క్రికిచ్ 2007లో, 17 ఏళ్లకే, బార్సిలోనా తరఫున లీగ్‌లో గోల్ కొట్టి, క్లబ్బులో మెస్సీ పేరున ఉన్న పిన్న వయసు రికార్డును దాటాడు. మరుసటి ఏడాది యూరో టోర్నీకి వెళ్లే స్పెయిన్ జట్టులో చేరలేదు. ఆ రోజుల్లో తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని చాలా ఏళ్ల తర్వాత అతనే చెప్పాడు. అన్నాళ్లు అతను ఒంటరిగా మోశాడు. నువ్వు మోయకు.

ప్రశ్న: పదో తరగతి తర్వాత చదువు ఆపి పూర్తిగా ఆట మీద పెడితే త్వరగా ఎదుగుతాడా? (ఒక తండ్రి)

జవాబు: ఎదగడు. రోజుకు రెండు గంటలకు మించి నాణ్యమైన సాధన ఆ వయసు శరీరం తట్టుకోలేదు, మిగిలిన సమయమంతా పిల్లవాడు భయపడుతూ గడుపుతాడు. ఆట తప్ప వేరే దారి లేనివాడికి ప్రతి మ్యాచూ చావుబతుకుల సమస్య అవుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. ఇటలీ ఆటగాడు జ్యోర్జో కియెల్లిని అక్కడి పెద్ద క్లబ్బు యువెంటస్‌కు డిఫెండర్‌గా ఆడుతూనే టురిన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఆ తర్వాత 2017లో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ పూర్తి చేశాడు.

ప్రశ్న: నేను రెండేళ్లుగా 16 ఏళ్లలోపు జట్టుకు కోచ్‌ని. నా జట్టులో అందరికంటే ప్రతిభ ఉన్న కుర్రాడు వారంలో ఒక ప్రాక్టీసు ఎగ్గొడతాడు, వచ్చిన రోజు ఆలస్యంగా వస్తాడు. అయినా శనివారం అతనే గెలిపిస్తాడు. పక్కన కూర్చోబెడితే ఓడిపోతాం. ఏం చేయాలి?

జవాబు: మీ స్థానంలో నేనూ ఉన్నాను. అప్పుడు తప్పు చేశాను. అది రాస్తాను, మీరు చేయకుండా ఉంటారని.

నా నాలుగో ఏడాది అది. అలాంటి కుర్రాడే ఒకడు వచ్చాడు. బంతి అతని పాదం కింద పడుకున్నట్టు ఉండేది. ఆలస్యంగా వస్తే "వచ్చాడు కదా" అని ఊరుకున్నాను. వార్మప్ చేయకపోతే చూడనట్టు నటించాను. మిగతా పిల్లలు మొదట నా వైపు చూశారు, తర్వాత చూడటం మానేశారు. రెండేళ్లు గెలిచాం. 18 ఏళ్లకు అతణ్ని ఒక పెద్ద క్లబ్బు పిలిచింది. ఐదు వారాలకు వెనక్కి పంపింది. పొద్దున ప్రాక్టీసుకు మూడోసారి ఆలస్యంగా వచ్చాడట.

తిరిగొచ్చాక మైదానానికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు, "సార్, మీరెప్పుడూ నన్ను ఏమీ అనలేదు కదా, ఎందుకు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. గెలవాలనుకున్నాను, అదే నిజం. అతని గొప్ప రోజులను నేను వాడుకున్నాను. అతనికి ఆట కుదరని రోజున నిలబడటానికి కావలసినవేవీ నేర్పలేదు.

మీరు ముందు కారణం కనుక్కోండి. ఎగ్గొట్టే ప్రాక్టీసు ఎప్పుడూ ఒకే రోజు అయితే ఇంట్లో ఏదో ఉంది. తమ్ముణ్నో చెల్లినో చూసుకోవాలేమో, రావడానికి బండి దొరకదేమో. నా దగ్గర ఒక అబ్బాయి విషయంలో ప్రాక్టీసు సమయం అరగంట మార్చడంతో సమస్య తీరిపోయింది. అలాంటి కారణమేదీ లేకపోతే నియమం అందరికీ ఒకటే అని చెప్పండి. ప్రాక్టీసు తప్పితే మ్యాచ్ మొదటి సగం బెంచి మీద. మొదటిసారి అమలు చేసిన శనివారం ఓడిపోవచ్చు. ఆ సంగతి అతని తల్లిదండ్రులకూ, మీ పైవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.

ఈ మాట జట్టు మధ్యలో చెప్పకండి. వచ్చే ప్రాక్టీసు రోజున మిగతావాళ్ల కంటే ముందు రమ్మని అతణ్ని ఒక్కణ్నే పిలవండి. గోల్ పోస్టులకు వల కట్టడంలో సాయం అడగండి. చేతులు పనిలో ఉన్నప్పుడు ఆ వయసు పిల్లలు బాగా వింటారు. అతను ఆరోజు కూడా ఆలస్యంగా వస్తే, వల మీరొక్కరే సగం కట్టి మిగతా సగం అతని కోసం వదిలేయండి.